పాత అమెరికన్ కార్లకు ‘అసలు రూపం’ చిక్కు

సూరత్: పాత అమెరికన్ కారును ఇంటి ఆవరణలోని షెడ్డులో పెట్టుకుని ఏళ్ల తరబడి బాగుచేసుకునే యజమాని ముందు ఇప్పుడు రెండే దారులు ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచి వెలువడిన నాటి రూపానికి కారును తిరిగి తెచ్చి ‘వింటేజ్’ గుర్తింపు పొందడం మొదటిది. ఉన్న మార్పులతోనే మామూలు వాహనంగా నడుపుకోవడం రెండవది. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ 2021 జూలైలో నోటిఫై చేసిన నిబంధనలు ఈ రెండింటి మధ్య స్పష్టమైన గీత గీశాయి. అయితే మన దేశంలో పలు అమెరికన్ కార్లు ఇన్నాళ్లు బతికి బట్టకట్టింది ఇంజన్లు మార్చుకోవడం వల్లనే కావడం ఇందులోని వైచిత్రి.

చీరలకు, వజ్రాల సానకు పేరుపడిన సూరత్‌కు అమెరికన్ కార్లతో ఏమి సంబంధమన్న సందేహం కలగవచ్చు. తెలంగాణ నుంచి వలసవెళ్లిన నేత కుటుంబాల మూలంగా ఈ నగరం మన పాఠకులకు మరమగ్గాల ఊరుగానే పరిచయం. కాని ఆ కార్లు తయారైన చోటు ఇక్కడికి దూరం కాదు. సూరత్‌కు సుమారు 260 కిలోమీటర్ల దూరంలోని నాటి బొంబాయిలో ఫోర్డ్ సంస్థ 1926లోను, జనరల్ మోటార్స్ 1928లోను తమ భారతీయ కార్యకలాపాలు ప్రారంభించాయి. విడిభాగాలను పెట్టెలలో ఓడలపై తెచ్చి, ఇక్కడ బిగించి అమ్మేవారు. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, క్రిస్లర్ సహకారంతో కుర్లా ఫ్యాక్టరీ నుంచి డాడ్జ్, డిసోటో, ప్లిమత్ కార్లను వెలువరించింది. గుజరాత్‌కు స్వయంగా ఈ చరిత్రలో ఒక వాటా ఉంది. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో మొదలైంది కలకత్తా శివార్లలో కాదు, సౌరాష్ట్ర తీరంలోని ఓఖా రేవులో. 1948లో ఆ సంస్థ ఉత్తర్‌పాడాకు తరలింది. అమెరికాకు చెందిన స్టూడ్‌బేకర్ కార్లను కూడా అది బిగించి అమ్మింది.

దేశంలోనే విడిభాగాలు తయారుచేసే ప్రణాళిక ఉన్న సంస్థలకే అనుమతి ఇవ్వాలని టారిఫ్ కమిషన్ 1953లో సిఫారసు చేయడంతో పరిస్థితి మారింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ 1954లో ఇక్కడి కార్యకలాపాలు మూసివేశాయి. ఆ తరువాత వచ్చిన ఇంపాలా వంటి పెద్ద కార్లు ప్రధానంగా రాయబార కార్యాలయాలు వాడి వదిలినవే. వాటిని ప్రభుత్వ రంగంలోని స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా విక్రయించేవారు.

డీజిల్‌తో రెండో జన్మ

1973 నాటి చమురు సంక్షోభం ఈ కార్లకు గట్టి దెబ్బ. లీటరుకు పది కిలోమీటర్లు కూడా నడవని బండిని పెట్రోలుతో పోషించడం మధ్యతరగతికి సాధ్యమయ్యే పని కాదు. విడిభాగాల దిగుమతి కూడా దాదాపు అసాధ్యమైన రోజులవి. ఈ దశలో పలువురు యజమానులు పెట్రోలు ఇంజన్‌ను దించి, మద్రాసులోని సింప్సన్ సంస్థ తయారుచేసిన పెర్కిన్స్ డీజిల్ ఇంజన్‌ను ఎక్కించారు. కొందరు మాటడార్ వ్యాన్ ఇంజన్‌తో సరిపెట్టుకున్నారు. శబ్దం పెరిగింది, వేగం తగ్గింది, కాని బండి తిరిగింది. పెళ్లిళ్లకు, ట్యాక్సీలుగా, పట్టణాల మధ్య ప్రయాణికులను చేరవేసే బళ్లుగా మరో రెండు మూడు దశాబ్దాలు పనిచేశాయి. మార్పు చేయని కార్లలో అనేకం తూకానికి పోయాయి.

ఇంజన్ మార్పిడి పైపై పని కాదు. డీజిల్ ఇంజన్ పొడవు, బరువు వేరు. దానిని కూర్చోబెట్టేందుకు ఛాసిస్ అడ్డదూలాన్ని కోసి వెల్డింగ్ చేయాలి. గేరు పెట్టె, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మార్చాలి. ముందు వైపు బరువు పెరిగి స్ప్రింగులు దిగజారతాయి. 1950ల మధ్య వరకు అమెరికన్ కార్లలో వాడిన ఆరు వోల్టుల విద్యుత్ వ్యవస్థ డీజిల్ స్టార్టరుకు చాలదు కనుక దానిని పన్నెండు వోల్టులకు మార్చి, తీగలన్నీ కొత్తగా వేయాలి. అందువల్ల అసలు ఇంజన్ ఎక్కడైనా దొరికినా, దానిని తిరిగి కూర్చోబెట్టే చోటు ఛాసిస్‌పై మిగిలి ఉండదు.

నిబంధన ఏమంటోంది?

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వాణిజ్యేతర ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు మాత్రమే వింటేజ్ హోదా లభిస్తుంది. వాహనం అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో మార్పులతో కూడిన భారీ మరమ్మతు జరిగి ఉండరాదు. రిజిస్ట్రేషన్ రుసుము 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. పునరుద్ధరణకు మరో 5 వేలు. కొత్తగా రిజిస్టరయ్యే కారుకు రాష్ట్ర సంకేతం తరువాత ‘విఎ’ అక్షరాలు వస్తాయి. గుజరాత్‌లోనైతే ‘జిజె విఎ’తో మొదలయ్యే నంబరు పలక. ఇదివరకే రిజిస్టరైన కారు పాత నంబరునే ఉంచుకోవచ్చు. ఈ గుర్తింపుతో వాహనానికి తుక్కు విధానం నుంచి రక్షణ లభిస్తుంది. ఆ తుక్కు విధానాన్ని ప్రధాని మోదీ ప్రారంభించింది కూడా, నెల తిరగక ముందే, 2021 ఆగస్టు 13న గుజరాత్‌లో జరిగిన పెట్టుబడిదారుల సదస్సులోనే.

ఇక రెండవ దారి సులభమా అంటే అదీ కాదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన చట్ట సవరణ ప్రకారం అనధికారిక మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నాడు డీజిల్ ఇంజన్‌ను ఆర్‌సి పుస్తకంలో నమోదు చేయించుకున్న కుటుంబానికి చిక్కు లేదు. చేయించుకోని వారి వారసుల పని అనిశ్చితమే. తాత గాని తండ్రి గాని నలభై ఏళ్ల క్రితం చేయించిన పనికి నేడు కాగితం ఎక్కడి నుంచి తేవాలి?

కారు స్వరూపాన్నే మార్చడం అమెరికాలో ఒక పెద్ద వ్యాపారం. 1932 నాటి ఫోర్డ్ వి-8ను విప్పి వేగం పెంచుకునే యువకుల సరదా దక్షిణ కాలిఫోర్నియాలో మొదలై, ‘హాట్ రాడ్’ పేరుతో 1948 నాటికి ప్రత్యేక పత్రికకే దారితీసింది. పాత బాడీలో కొత్త ఇంజన్, డిస్క్ బ్రేకులు, ఏసీ అమర్చిన కార్లకు అక్కడ గిరాకీ ఉంది. మన చట్టం ఆ సరదాకు తావివ్వదు. భద్రత దృష్ట్యా ఆ కట్టడి సబబే. కాని వాడుకలో నిలుపుకోవడానికి అవసరార్థం ఇంజన్ మార్చిన 1951 ప్లిమత్‌ను, మోజు కోసం మార్చిన బండిని ఒకే గాటన కట్టడం న్యాయమనిపించదు.

ఇంటి షెడ్డులో పని

అసలు రూపం కోరుకునే యజమాని పని ఎక్కడ మొదలవుతుంది? సాధారణంగా తుప్పు దగ్గర. తాపీ నది సముద్రంలో కలిసే చోటికి సమీపాన ఉన్న సూరత్‌లో గాలిలో తేమ ఎక్కువ. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నీటి విడుదలతో నగరం వరదలో మునిగింది. నీట మునిగిన కారులో తలుపుల అడుగు, నేల రేకు లోపలి నుంచి తింటాయి. 1930ల మధ్యకు ముందు నాటి షెవ్రొలే అయితే రేకు కింద కలప చట్రం ఉంటుంది. అది పుచ్చితే ముందు వడ్రంగిని వెతకాలి, టింకరింగ్ తరువాతి మాట.

ఇంజన్ విషయంలో షెవ్రొలే ఆరు సిలిండర్ల యంత్రం మరో పరీక్ష పెడుతుంది. 1937 నుంచి 1953 వరకు వాడిన ఆ ఇంజన్‌లో బేరింగులు విడిగా కొని బిగించేవి కావు. తెల్ల లోహాన్ని కరిగించి రాడ్లలో పోసి, తరువాత కొలతకు చెక్కాలి. ఆ విద్య తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. ప్లిమత్ ఇంజన్ దీనికంటే నయం. సుమారు మూడున్నర లీటర్ల సామర్థ్యం, వంద లోపు అశ్వశక్తి, కవాటాలు పక్కన ఉండే సాదా నిర్మాణం. పిస్టన్ రింగుల నుంచి గాస్కెట్ల వరకు అమెరికాలో నేటికీ దొరుకుతాయి, దిగుమతి ఖర్చు భరించగలిగితే.

బజారులో దొరకని బుష్, పిన్, చిన్న షాఫ్ట్ వంటి వాటికి సూరత్ ఒక విధంగా అనువైన ఊరు. లక్షల మరమగ్గాలకు విడిభాగాలు చేసే లేతు దుకాణాలు ఇక్కడ ఉన్నాయి. రాగి తీగకు వెండి పూత, దానిపై బంగారు పూత వేసే జరీ పరిశ్రమ పుణ్యమా అని విద్యుత్ పూతల పనీ ఈ నగరానికి కొత్త కాదు. బంపరుకు క్రోమియం పూత మాత్రం వేరే విద్య. ముందు రాగి, ఆపై నికెల్, చివరగా క్రోమియం. మధ్యలో సానపట్టే పనిలో తొందరపడితే ఏడాది తిరగకముందే పూత పొరలుగా లేస్తుంది. బోల్టులన్నీ అంగుళాల కొలతలవి కావడం వల్ల మిల్లీమీటర్ల స్పానర్‌తో పట్టుబడితే తలలు అరిగిపోవడం ఖాయం.

ఇంత చేసి, వింటేజ్ నంబరు సంపాదించిన కారును నిత్యం రోడ్డుపై నడిపేందుకు వీలులేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, మరమ్మతు, ఇంధనం నింపుకోవడం వంటి పనులకే నిబంధనలు అనుమతిస్తున్నాయి. ఆ ఇంధనం దగ్గర మరో చిక్కు కాచుకుని ఉంది. పెట్రోలులో ఇథనాల్ కలపడం 2022లో పది శాతానికి, 2025లో ఇరవై శాతానికి చేరింది. పాత కార్ల రబ్బరు గొట్టాలను, ఇంధన పంపులోని డయాఫ్రమ్‌ను, కార్బురేటర్‌లోని కార్కు తేలియాడును ఇథనాల్ మెత్తబరుస్తుంది, నీటిని పీల్చుకుని ట్యాంకు లోపల తుప్పు పట్టిస్తుంది. దానిని తట్టుకునే గొట్టాలు వేసుకున్న యజమాని, బంకు నుంచి ఇంటికి వచ్చాక ఆ పెట్రోలును ట్యాంకులో నెలల తరబడి నిలవ ఉంచకుండా ఖాళీ చేస్తూ ఉండాలి.