ఒకే ఇంటికి రెండు లెక్కలు: కరెంటు మీటరు, ఇంటి మానిటరు

ఆంధ్రదేశంలో పెరిగినవారికి వరండా గోడమీది కరెంటు మీటరు జ్ఞాపకం ఉండే ఉంటుంది. గాజు కిటికీ వెనుక పళ్ళెంవంటి అల్యూమినియం చక్రం, దాని అంచున ఒక గుర్తు. ఇస్త్రీపెట్టె పెట్టగానే ఆ చక్రం గిర్రున తిరిగేది. దీపాలన్నీ ఆర్పివేస్తే నత్తనడక నడిచేది. ఆ రోజులలో మీటరు చెప్పినదే వేదం. దానితో పోల్చి చూడడానికి మరొక సాక్షి లేదు.

నేడు అమెరికాలోని అనేక తెలుగు ఇళ్ళలో ఆ రెండవ సాక్షి వెలసింది. విద్యుత్ ప్యానెల్‌లో అమర్చిన చిన్న పరికరం ఏ క్షణాన ఎన్ని వాట్లు ఖర్చవుతున్నవో ఫోనులో చూపుతుంది. దానినే హోమ్ ఎనర్జీ మానిటరు అంటున్నారు. సాక్షులు ఇద్దరైనప్పుడు సాక్ష్యాలు అక్షరాలా కలియకపోవడం సహజమే. అయితే ఆ తేడాకు కారణం తెలియనప్పుడు అనుమానం బయలుదేరుతుంది.

న్యూజెర్సీలో ఒక ఇంటిని ఊహించుకుందాం. వేసవిలో ఇండియానుంచి తల్లిదండ్రులు వచ్చారు. జూలై నెలకు మానిటరు 1,020 యూనిట్లు చూపగా, కంపెనీ బిల్లులో 1,150 యూనిట్లు ఉన్నవి. తేడా 130. కుమారునికి కంపెనీ మీద అనుమానం. పెద్దాయనకు తమ మీదనే అనుమానం. "మేము వచ్చినందువల్లనే ఇంత బిల్లు వచ్చిందేమో, బాబూ" అంటూ ఆయన మధ్యాహ్నం పూట ఏసీ ఆపివేసి, ఉక్కలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఈ 130 యూనిట్లు ఎక్కడికి పోయినట్లు? దీనికి సమాధానం కావాలంటే, అసలు విద్యుత్తును ఎలా కొలుస్తారో కొంత తెలియాలి.

యూనిట్ అని మనం వ్యవహరించేది ఒక కిలోవాట్-అవర్. వెయ్యి వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే శక్తి అది. 36 లక్షల జౌళ్ళకు సమానం. వాట్లు కావాలంటే ఓల్టేజిని విద్యుత్ప్రవాహంతో, అనగా వోల్టులను ఆంపియర్లతో, గుణించాలి. ఆ లబ్ధాన్ని క్షణక్షణమూ కూడుకుంటూ పోతే యూనిట్లు వస్తాయి. సూత్రం ఇంత సులభమే. చిక్కంతా ఆచరణలో ఉన్నది.

మొట్టమొదట ఈ చిక్కును విప్పినది రసాయనశాస్త్రం అంటే ఆశ్చర్యం కలుగవచ్చు. 1882 సెప్టెంబరు 4న థామస్ ఎడిసన్ న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించినప్పుడు, ఖాతాదారులు వాడిన విద్యుత్తును కొలవడానికి ఆయన ఎన్నుకున్నది విద్యుద్విశ్లేషణ. గాజు పాత్రలో జింక్ సల్ఫేట్ ద్రావణం, అందులో రెండు జింకు పలకలు. ఇంటిలోకి వెళ్ళే విద్యుత్తులో ఒక చిన్న వంతు ఆ ద్రావణం గుండా సాగేది. ఒక పలకనుంచి జింకు కరిగి రెండవదానిమీద పేరుకొనేది. ఫారడే నియమం ప్రకారం ఒక ఆంపియర్ ఒక గంట ప్రవహిస్తే సుమారు 1.22 గ్రాముల జింకు ఒకచోటినుంచి మరొకచోటికి చేరుతుంది. నెల తిరిగేసరికి కంపెనీవారు పలకలు తీసుకొనిపోయి, కడిగి, ఆరబెట్టి, త్రాసులో తూచి బిల్లు వేసేవారు. చలికాలంలో ద్రావణం గడ్డకట్టకుండా మీటరు పెట్టెలోనే ఒక దీపం పెట్టారు. చలి పెరిగినప్పుడు అది తనంతట తానే వెలిగేది.

ఈ మీటరులో రెండు లోపాలు ఉండేవి. ఖాతాదారు తన లెక్కను తాను చూసుకొనే వీలు లేదు. అంతకంటె ముఖ్యమైనది, అది ఆంపియర్లను మాత్రమే లెక్కించేది. ఓల్టేజి ఎప్పుడూ స్థిరంగా ఉంటుందన్న నమ్మకం మీద బిల్లు నడిచేది. ఈ రెండవ లోపాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. నూటనలభై ఏళ్ళ తరువాత అది మరొక రూపంలో తిరిగి కనిపించబోతున్నది.

ఏకాంతర విద్యుత్తు రంగంలోకి రాగానే జింకు పలకల కాలం చెల్లిపోయింది. దిశ మారుతూ ఉండే ప్రవాహంలో ఒకవైపు చేరిన జింకు మరుక్షణమే వెనుకకు పోతుంది. ఇటలీలో గెలీలియో ఫెరారిస్ 1885లో నిరూపించిన భ్రమణ అయస్కాంత క్షేత్రం ఆధారంగా, బుడాపెస్ట్‌లోని గాంజ్ కర్మాగారంలో పనిచేసిన ఓటో బ్లాతీ 1889లో ప్రేరణ మీటరును రూపొందించాడు. మన వరండాలో తిరిగిన చక్రం దాని సంతతిదే. అందులో ఒక తీగచుట్ట ఓల్టేజికి, మరొకటి ప్రవాహానికి స్పందిస్తాయి. రెండూ కలిసి చక్రాన్ని త్రిప్పుతాయి. ఒక శాశ్వత అయస్కాంతం దానికి కళ్ళెం వేస్తుంది. ఫలితంగా చక్రం వేగం నిజమైన వాట్లకు అనులోమానుపాతంలో ఉంటుంది. గుణకారం, కూడిక రెండూ ఒక లోహపు బిళ్ళ చేసిపెట్టేది.

ఆ బిళ్ళకూ వార్ధక్యం ఉన్నది. బేరింగులు అరిగి, దుమ్ము చేరితే చక్రం మందగిస్తుంది. అప్పుడు మీటరు తక్కువ చూపుతుంది. పాత మీటరు తీసి క్రొత్త ఎలక్ట్రానిక్ మీటరు పెట్టిన తరువాత బిల్లు పెరిగిందని కొందరు వాపోవడానికి ఇదొక కారణం. అమెరికాలో 2022 నాటికి పది కోట్లకు పైగా స్మార్ట్ మీటర్లు అమర్చారు. వీటికి వర్తించే జాతీయ ప్రమాణంలో 0.5 శాతం, 0.2 శాతం అనే తరగతులు ఉన్నవి. అంటే, నియమిత పరీక్షలో వెయ్యి యూనిట్లకు ఐదు యూనిట్లు మించి తప్పకూడదన్నమాట.

ఇక ఇంటి మానిటరు సంగతి. అమెరికా ఇంటిలోకి రెండు ప్రధాన తీగలు వస్తాయి. ఒక్కొక్కదానికీ తటస్థ తీగకూ మధ్య 120 వోల్టులు, రెండింటి మధ్య 240 వోల్టులు. దీపాలు, టీవీ మొదలైనవి 120 మీద, ఏసీ, విద్యుత్ పొయ్యి వంటివి 240 మీద పనిచేస్తాయి. మానిటరు ఈ రెండు తీగలకూ చెరొక బిగింపు కడియం తొడుగుతుంది. ఆ కడియం ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు. తీగను తాకకుండానే, దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్నిబట్టి ప్రవాహాన్ని అంచనా వేస్తుంది.

తేడాలు ఇక్కడే పుడతాయి. చౌకరకం మానిటర్లు ఓల్టేజిని కొలవవు. 120 అని అనుకుంటాయి. ఎడిసన్ మీటరు లోపం ఇదే కదా! అమెరికా ప్రమాణం ప్రకారం సరఫరా సాధారణంగా 114 నుంచి 126 వోల్టుల వరకు ఉండవచ్చు. అసలు ఓల్టేజి 124 ఉంటే అటువంటి మానిటరు మూడు శాతానికి పైగా తక్కువ చూపుతుంది.

రెండవది పవర్ ఫ్యాక్టరు. ఉయ్యాల ఊపేవారు సరిగా సమయం చూసి తోస్తేనే ఆ బలం పూర్తిగా ఉపయోగపడుతుంది. వేళ తప్పి తోస్తే కొంత బలం వృథా. అలాగే మోటార్లు, కంప్రెసర్లు ఉన్నచోట ప్రవాహం ఓల్టేజికంటె కొంచెం వెనుకబడుతుంది. అప్పుడు వోల్టులను ఆంపియర్లతో నేరుగా గుణిస్తే వచ్చే అంకె నిజమైన వాట్లకంటె ఎక్కువ. గృహస్థుల బిల్లు నిజమైన వాట్ల మీదనే వేస్తారు. ఓల్టేజి తరంగాన్ని గమనించని మానిటరు ఈ భేదం కనిపెట్టలేక ఎక్కువ చూపుతుంది.

మూడవది అమరిక. కడియం రెండు దవడలమధ్య వెంట్రుకవాసి సందు మిగిలినా రీడింగు తగ్గుతుంది. ఒక కడియం తిరగబడితే కొన్ని పరికరాలలో కూడవలసినది తీసివేతగా మారుతుంది. ఇంటర్‌నెట్ ఆగినప్పుడు కొన్ని మానిటర్లు ఆ గంటల లెక్కను కోల్పోతాయి. పైకప్పు మీద సౌరఫలకాలు ఉన్నవారు మరొకటి గమనించాలి: కంపెనీ మీటరు లోనికి వచ్చినదాన్ని, బయటికి పోయినదాన్ని మాత్రమే చూస్తుంది. ఇంట్లోనే పుట్టి ఇంట్లోనే ఖర్చయినది దానికి కనిపించదు.

ఇప్పుడు మన ఇంటి 130 యూనిట్లకు వద్దాం. ఆ ఇంటి మానిటరు ఓల్టేజిని కూడా కొలిచే మంచి రకమే. కాబట్టి మొదట చూడవలసినది తేదీలు. మానిటరు జూలై 1 నుంచి 31 వరకు లెక్కించింది. బిల్లు 32 రోజులది. రోజుకు సుమారు 36 యూనిట్ల చొప్పున ఒక రోజు తేడా అక్కడే పోయింది. మిగిలినవి 94. తరువాత ఎలక్ట్రీషియను వచ్చి చూడగా ఒక కడియం పూర్తిగా బిగుసుకోలేదు. అది సరిచేయగానే అదే వాడకానికి మొత్తం రీడింగు 3 శాతం పెరిగింది. నెలకు అది 31 యూనిట్లు. ఇక మిగిలినవి 63. అంటే రోజుకు సుమారు 2 యూనిట్లు, రాత్రింబగళ్ళు 85 వాట్లు లాగుతున్నదేదో ఉన్నది.

అది గ్యారేజీలో దొరికింది. ఆవకాయ జాడీలకు, పండుగలకు రుబ్బిన పిండికి ఉంచుకున్న పాత ఫ్రిజ్ అది. గ్యారేజీ లైను బయట మీటరు పెట్టెలోనుంచే చీలిపోయింది. లోపలి ప్యానెల్‌లో ఉన్న మానిటరుకు అది కనిపించే అవకాశమే లేదు. కంపెనీ మీటరు అబద్ధం చెప్పలేదు. మానిటరూ అబద్ధం చెప్పలేదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు సమాధానం చెప్పాయి. పెద్దవారి రాకకు ముందునుంచీ ఆ ఫ్రిజ్ నడుస్తూనే ఉన్నది గనుక, ఈ తేడాలో వారి ప్రమేయం ఒక్క యూనిట్ కూడా లేదు.

ఇటువంటి పరీక్షను ఎవరైనా చేసుకోవచ్చు. ఒకే రోజు, ఒకే గంటకు మీటరు అంకెను, మానిటరు అంకెను ప్రక్కప్రక్కన వ్రాసుకోవాలి. కనీసం రెండు వారాలు ఆగి మళ్ళీ వ్రాసుకోవాలి. స్మార్ట్ మీటర్లు తెరమీద తరచుగా పూర్తి యూనిట్లనే చూపుతాయి. ఒక్క రోజు లెక్క తీసుకుంటే ఆ చిల్లరే పెద్ద తేడాగా కనిపిస్తుంది. ఇంకా పాత చక్రపు మీటరు ఉన్నవారికి మరొక సౌకర్యం. మీటరు ముఖం మీద 7.2 అన్న స్థిరాంకం ఉంటే, చక్రం ఒక చుట్టుకు 7.2 వాట్-అవర్లు. తక్కినవన్నీ ఆపి 1,500 వాట్ల హీటరు ఒక్కటే పెడితే చక్రానికి చుట్టుకు సుమారు 17 సెకండ్లు పట్టాలి.

ఫలితాన్ని అర్థం చేసుకొనే పద్ధతి ప్రయోగశాలలో వాడేదే. తేడా వాడకంతోపాటు అదే శాతంలో పెరుగుతూ తరుగుతూ ఉంటే అది కొలత పరికరపు తప్పు. కడియాలో, ఓల్టేజి అంచనాయో చూడాలి. వాడకం ఎంతైనా తేడా రోజుకు ఇన్ని యూనిట్లని స్థిరంగా ఉంటే, మానిటరు కంట పడని పరికరమేదో నడుస్తున్నది. తేడా ఒకరోజు ఉండి ఒకరోజు లేకపోతే, సమాచారం మధ్యలో పోతున్నదేమో పరిశీలించాలి. ఇవన్నీ సరిచూసినా లెక్క కుదరకపోతే, మీటరును పరీక్షించమని కంపెనీని కోరవచ్చు. అప్పటికీ తృప్తి కలగకపోతే రాష్ట్ర ప్రజోపయోగ సేవల కమిషన్‌కు విన్నవించుకోవచ్చు. చేతిలో తేదీలతో సహా వ్రాసిన పట్టిక ఉంటే ఆ విన్నపానికి బలం ఉంటుంది.

ఒక హెచ్చరిక. ప్యానెల్ మూత తెరచి కడియాలు సర్దడం గృహస్థుల పని కాదు. ప్రధాన స్విచ్చు ఆపినా మీటరునుంచి వచ్చే తీగలలో విద్యుత్తు ఉండనే ఉంటుంది. ఆ పనికి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనునే పిలవాలి. అంకెలు వ్రాసుకోవడం, తీసివేతలు చేయడం మాత్రం ఇంట్లో పిల్లలకు అప్పగించవచ్చు. తాతగారిని పక్కన కూర్చోబెట్టుకుని చేస్తే, వరండా గోడమీది చక్రం కథ కూడా వారికి అందుతుంది. ఏసీ మాత్రం వేసే ఉంచాలి.