కార్డు కౌంటర్‌కు పోవుడు గాదు, మిషనే బల్ల కాడికి రావాలె

జీతం పడ్డ శనివారం రాత్రి పట్నంల బార్లు ఎట్ల కిటకిటలాడుతయో పనికి పోయిన తమ్ముళ్లకు ఎరికే. బిల్లు రాంగనే కార్డు తీసి బేరర్ చేతుల పెడుతరు. "అన్నా, పిన్ ఎంత?" అంటడు. పాటల మోతల వినపడదని గట్టిగ ఒర్రి చెప్తరు. పక్క బల్లోళ్లు సుత ఇంటరు. కార్డు కౌంటర్‌కు పోయి వచ్చేదాక మీ కండ్ల ముందట ఉండదు. అసలు గడబిడ గాడనే.

కార్డు ఎనుక నల్ల పట్టీ ఉంటది సూడుర్రి, దాంట్ల వివరాలు మారకుంట ఉంటయి. స్కిమ్మర్ అనే అరచేతి మిషన్ల ఒక్కసారి గీకితే అవి ఇంకో కార్డుకు ఎక్కుతయి. చిప్ అట్ల గాదు, ప్రతిసారి కొత్త కోడ్ పుట్టిస్తది, నకలు కొట్టుడు శానా కష్టం. ఇగ కార్డు నంబరు, గడువు తేది, సీవీవీ ఫోన్ల ఫొటో తీస్తే? మన దేశపు సైట్లు ఓటీపీ అడుగుతయి. బయటి దేశాల సైట్లు కొన్ని అడగవు. ట్యాప్ కొడితే 5,000 రూపాయల దాక పిన్ అక్కరనే లేదు.

మరి ఏం జెయ్యాలె? మిషన్‌ను బల్ల కాడికి తెమ్మనుర్రి, లేకుంటే మీరే కౌంటర్ కాడికి పోర్రి. మొత్తం ఎంతుందో సూసి, చెయ్యి అడ్డం పెట్టి పిన్ మీరే కొట్టుర్రి. బ్యాంకు యాప్‌ల ట్యాప్, ఆన్‌లైన్, విదేశీ వాడకం బంద్ పెట్టుకోవచ్చు, లిమిట్ తగ్గించుకోవచ్చు. ఈ సౌలత్ ఇయ్యాలని 2020లనే ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది.

పైసలు పోతే ఎంటనే కార్డు బ్లాక్ చేసి, బ్యాంకుకు, 1930 నంబరుకు చెప్పాలె. 2017 జులై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, తప్పు మీది గానీ బ్యాంకుది గానీ గాకుంటే, మెసేజ్ వచ్చిన మూడు పని దినాలల్ల చెప్తే మీ మీద రూపాయి భారం పడొద్దు. 10 పని దినాలల్ల ఆ సొమ్ము ఖాతాల చూపియ్యాలె. తప్పు మీదని నిరూపించే బాధ్యత సుత బ్యాంకుదే. కానీ పిన్ మీరే చెప్పిండ్రని తేలితే, ఫిర్యాదు చేసేదాక పోయిన సొమ్ము మీ నెత్తిమీదనే. ఒర్రి చెప్పిన నాలుగంకెల ధర గది.

ఇంకో మాట. బేరర్లందరిని దొంగలను జేసి మాట్లాడకుర్రి. ఆడ పళ్లెం మోసేది సుత మన ఊరి పోరడే. ఏదన్న అయితే మొదాలు ఆని గల్లానే పట్టుకుంటరు. బల్ల కాడికి మిషన్ వస్తే మీ పైసలు పదిలం, ఆని మీద నింద ఉండది. గందుకే అడగాల్సింది బేరర్‌ను గాదు, ఓనర్‌ను: లక్షల బేరం చేసేటోనివి, ఇంకో వైర్‌లెస్ మిషన్ పెట్టనీకి ఏమైంది?