చిన్న విమానం నేర్పే పెద్ద పాఠం

పిల్లల చేతికి మనం ఏమి ఇస్తున్నామో తల్లిదండ్రులు ఆలోచించవలసిన సంగతి. 1878లో అమెరికాలో మిల్టన్ రైట్ అనే బిషప్ గారు ప్రయాణం నుండి తిరిగి వస్తూ తన చిన్న కుమారులిద్దరికీ ఒక ఆటబొమ్మ తెచ్చారు. వెదురు, కార్కు, కాగితంతో చేసిన బొమ్మ అది. రబ్బరు బ్యాండును మెలిపెట్టి వదిలితే పైకి ఎగిరేది. అప్పుడు విల్బర్‌కు 11 ఏళ్లు, ఆర్విల్‌కు 7 ఏళ్లు. కొద్ది రోజులకే ఆ బొమ్మ విరిగిపోయింది. అయితే దాని నమూనా చూచి పిల్లలే అటువంటివి చేయసాగారు.

బొమ్మను పెద్దది చేసిన కొద్దీ అది సరిగా ఎగరలేదు. కారణం వారికి ఆ వయసులో తెలియలేదు. పొడవు, వెడల్పు, మందం రెండింతలు చేస్తే రెక్కల వైశాల్యం నాలుగింతలే పెరుగుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలవుతుంది. పెద్దవారైన తరువాత కూడా ఆ సోదరులు చిన్న నమూనాలను విడిచిపెట్టలేదు. 1901లో సుమారు 200 చిన్న రెక్కలను చేసి, గాలి వీచే పెట్టెలో ఒక్కొక్కటిగా పరీక్షించారు. 1903 డిసెంబరు 17న వారి యంత్రం మనిషిని మోసుకొని 12 సెకన్లు, 120 అడుగులు ఎగిరింది. 1910లో ఆ తండ్రి తన 81వ ఏట కుమారుని ప్రక్కన కూర్చుండి మొదటిసారి ఆకాశానికి ఎగిరారు.

ఇదంతా ఎక్కడో దూరదేశపు కథ అనుకోనక్కరలేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు 2016 వరకు వరంగల్ జిల్లాలోనివే. ఆ వరంగల్ ప్రక్కన మామునూరులో నిజాం కాలంలోనే విమానాశ్రయం కట్టారు. 1981 తరువాత అక్కడ ప్రయాణికుల రాకపోకలు ఆగిపోయాయి. దానిని తిరిగి తెరవడానికి 2025లో కేంద్ర ప్రభుత్వం అనుమతినిచ్చింది. మధ్యలో ఒక తరం గడిచిపోయింది. బేగంపేట నుండి డెక్కన్ ఎయిర్‌వేస్ వారు నడిపిన డకోటా విమానాలను చూచినవారు ఇప్పుడు ఎందరు మిగిలారు? ఆ కంపెనీ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. యంత్రం తుక్కుకు పోయినా దాని రూపం నిలిచేది ఇటువంటి నమూనాలలోనే.

నమూనా అంటే ఉజ్జాయింపు బొమ్మ కాదు, దానికి లెక్క ఉంటుంది. ఎక్కువమంది వాడే కొలత 72లో ఒకటో వంతు. ఆ కొలతలో ఆరడుగుల మనిషి ఒక అంగుళం ఉంటాడు. డకోటా రెక్కలు ఈ చివర నుండి ఆ చివరకు 95 అడుగులు. నమూనాలో అది దాదాపు 16 అంగుళాలు. ఐదవ తరగతి పిల్లవాడు చేయగల భాగహారమే ఇది.

సామానుకు పట్నం పోనక్కరలేదు. క్రిస్మస్‌కు మందిరం మీద కట్టే నక్షత్రాన్ని వెదురు బద్దలతో, రంగు కాగితంతో మన యువకులే చేస్తారు గదా! ఆ చేతులకు ఈ పని కొత్త కాదు. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్ర తేలికైనది, కత్తికి లొంగుతుంది. అది దొరకనిచోట భాషికాలకు వాడే జీలుగు బెండు, లేదా దళసరి అట్ట చాలు. ముందు కాగితం మీద బొమ్మ గీయాలి. రెండు రెక్కలూ ఒకే అచ్చుతో కోయాలి. గరుకు కాగితంతో నునుపు చేయాలి. రంగును పలుచగా, ఒక పూత ఆరిన తరువాతే రెండవది వేయాలి. ఎగిరే నమూనా అయితే ముక్కు దగ్గర కొంచెం బరువు పెట్టాలి, లేకుంటే తల ఎత్తి కూలిపోతుంది. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన విద్యార్థులకు ఈ విద్య శిక్షణలో ఒక భాగం.

చేయడం ఒక ఎత్తు, కాపాడడం మరొక ఎత్తు. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. వానాకాలపు చెమ్మకు జిగురు వదులుతుంది, కర్రకు పురుగు పడుతుంది. గాజు తలుపుల అలమరలో ఉంచి, మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపాలి, తడిగుడ్డ వాడకూడదు. కర్ర నమూనాల ప్రక్కన ఎండిన వేపాకు ఉంచవచ్చు. ప్లాస్టిక్ నమూనాల దగ్గర మాత్రం కలరా ఉండలు పెట్టవద్దు, వాటి ఆవిరికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అడుగున చీటీ అంటించి విమానం పేరు, కొలత, చేసినవారి పేరు, తేదీ వ్రాయండి. చీటీ లేని నమూనా రేపటి పిల్లలకు వట్టి బొమ్మే.

తల్లిదండ్రులారా, మొదటి విమానం వంకరగా వస్తుంది. దాని రెండు రెక్కలూ సమానంగా ఉండవు. నవ్వకండి, మీరే దిద్ది ఇవ్వకండి. ఎక్కడ తప్పిందో పిల్లవాడినే స్కేలు పెట్టి కొలుచుకోనివ్వండి. రెండవది కొంచెం సరిగా వస్తుంది. ఆ మొదటి దానిని కూడా అలమరలో దాచండి.