బ్లాక్‌బాక్స్ ఉపగ్రహంతో మాట్లాడదు

విమానం సముద్రంలో కూలిందంటే చాలు, ఫోన్లలో ఒక మాట తిరగడం మొదలవుతుంది: “బ్లాక్‌బాక్స్ ఎక్కడుందో ఉపగ్రహాలకు తెలుసు. దొరకలేదంటే దాస్తున్నట్టే.” 2016లో తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్తూ బంగాళాఖాతం మీద మాయమైన వాయుసేన ఏఎన్‌-32 విమానంలో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిది మంది విశాఖ నావికాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. కబురు కోసం ఎదురుచూసే అలాంటి ఇళ్లకు ఈ ఫార్వర్డ్ చేరితే ఏమవుతుందో, పంపేవాళ్లు ఒక్క క్షణం ఆలోచించరు.

ఉపగ్రహాలకు అందేది రేడియో తరంగాలే, అవి ఉప్పునీటిలో ఎంతో దూరం పోలేవు. అందుకే బ్లాక్‌బాక్స్ అని పిలిచే రికార్డర్‌కు బిగించిన బీకన్ అనే పరికరం శబ్దాన్ని నమ్ముకుంటుంది. నీరు తగలగానే మొదలై, సెకనుకోసారి 37.5 కిలోహెర్ట్జ్ దగ్గర, మన చెవికి అందని చప్పుడు చేస్తుంది. అది మామూలుగా రెండు మూడు కిలోమీటర్లు దాటి వినిపించదు. సముద్రం లోతే నాలుగు కిలోమీటర్లుంటే పైనున్న ఓడకు ఏం అందుతుంది? వినే పరికరాన్ని పొడవాటి కేబుల్‌తో లోతుకు దించి, మెల్లగా లాక్కుంటూ తిరగాలి. అదీ ఏ వైపు వెతకాలో తెలిస్తేనే.

2009 జూన్ 1న అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్‌ఫ్రాన్స్ 447 విమానం బీకన్లు వెతికినవాళ్లకు వినిపించనే లేదు. దాదాపు 3,900 మీటర్ల లోతున శకలాలు 2011 ఏప్రిల్‌లో దొరికాయి. సముద్రపు నేలను సోనార్‌తో గాలించిన మానవరహిత యంత్రాలే వాటిని పట్టుకున్నాయి. ఏఎన్‌-32 శకలాలూ అలాంటి యంత్రానికే, దాదాపు 3,400 మీటర్ల లోతున కనిపించాయి. ఆ సంగతి 2024 జనవరిలో గానీ బయటికి రాలేదు.

బీకన్ బ్యాటరీ అయిపోతే రికార్డింగూ పోతుందన్నది అబద్ధం. ఎయిర్‌ఫ్రాన్స్ రికార్డర్లను దాదాపు రెండేళ్ల తర్వాత చదివారు. ఇక పేరు బ్లాక్‌బాక్సే అయినా పెట్టె రంగు నారింజ, నలుపు కాదు.

అనుమానానికి ఒక్కచోట ఆధారం ఉంది, ఒప్పుకోక తప్పదు. 2014లో 239 మందితో అదృశ్యమైన మలేసియా విమానం ఎంహెచ్ 370 డేటా రికార్డర్ బీకన్ బ్యాటరీ గడువు 2012 డిసెంబరులోనే తీరిందని దర్యాప్తు నివేదికే చెప్పింది. అది కుట్ర కాదు, నిర్లక్ష్యం. కోపం దాని మీద చూపండి. కొత్త బీకన్లు 90 రోజులు పనిచేయాలని, సముద్రం మీద దూరం వెళ్లే పెద్ద విమానాలకు ఇంకా దూరం వినిపించే 8.8 కిలోహెర్ట్జ్ బీకన్ ఉండాలని అంతర్జాతీయ నియమాలు వచ్చాయి. అవి అమలవుతున్నాయా, బ్యాటరీ తేదీలు ఎవరు చూస్తున్నారు అని అడగండి.

సముద్రంలో చేపల వేటకెళ్లేవాళ్లకూ ఒక మాట. వలలో నారింజ రంగు లోహపు పెట్టె పడితే విప్పొద్దు, ఎండబెట్టొద్దు. ఆరితే లోపలి భాగాలను ఉప్పు తినేస్తుంది. మంచినీళ్లలో ముంచి ఉంచి, వెంటనే మెరైన్ పోలీసులకు కబురు చేయండి.