చామనఛాయకు ఖనిజ సన్‌స్క్రీన్

చామనఛాయ చర్మానికి సన్‌స్క్రీన్ అక్కరలేదన్న నమ్మకం తెలుగువారిలో ఇంకా బలంగానే ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అతినీలలోహిత కిరణాలను కొంతవరకు అడ్డుకుంటుంది. అందువల్ల ఎండకు చర్మం కమిలిపోవడం, చర్మపు కేన్సర్ రావడం తెల్లవారిలో కన్నా మనవారిలో తక్కువ. కానీ అదే మెలనిన్ మరొక చిక్కు తెచ్చిపెడుతుంది. ఎండ సోకినా, దద్దురు లేచినా ఈ చర్మం నల్లమచ్చతో స్పందిస్తుంది. బుగ్గల మీద మంగు, మొటిమ మానినచోట నెలల తరబడి నిలిచే మచ్చ ఇందుకు ఉదాహరణలు. కాబట్టి సున్నితమైన చర్మం గలవారు ఎంచుకునే సన్‌స్క్రీన్ ఎండను ఆపాలి. తానే దద్దురుకు కారణం కాకూడదు.

ఈ రెండవ షరతు ఖనిజ సన్‌స్క్రీన్‌ల వైపు దారి చూపుతుంది. వీటిలో పనిచేసే పదార్థాలు జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్. ఇతర సన్‌స్క్రీన్‌లలో ఉండే ఆక్సీబెంజోన్, ఆక్టోక్రిలీన్ వంటివి కొందరిలో ఎలర్జీని, కొన్నిసార్లు వెలుతురు సోకితేనే బయటపడే ఎలర్జీని కలిగిస్తాయి. ఖనిజాలతో ఈ బెడద బహు అరుదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2019లో ప్రతిపాదించిన నిబంధనలలో, పరిశీలించిన 16 పదార్థాలలో సురక్షితమైనవిగా, పనిచేసేవిగా గుర్తించినది ఈ రెండింటినే. మరో 12 పదార్థాల గురించి అదనపు సమాచారం కోరింది. అవి హానికరమని తీర్పు చెప్పలేదు.

ఖనిజాలు అద్దంలా కిరణాలను తిప్పికొడతాయని చాలామంది అనుకుంటారు. 2016లో వెలువడిన కొలతల ప్రకారం అవి తిప్పికొట్టే అతినీలలోహిత కిరణాలు సగటున 4–5 శాతమే. రక్షణలో అధికభాగం శోషణ వల్లనే కలుగుతుంది. ముఖం మీద కనిపించే తెల్లపూతకు కారణం వేరు: పెద్ద కణాలు మామూలు వెలుతురును, అంటే దృశ్యకాంతిని, వెదజల్లుతాయి. ఈ పూత నచ్చనివారి కోసం తయారీదారులు కణాలను అతిసూక్ష్మంగా చేశారు. అప్పుడు తెలుపు మాయమవుతుంది, దానితోపాటే దృశ్యకాంతికి ఉన్న అడ్డూ తొలగిపోతుంది.

తెల్లని చర్మానికి ఇది పెద్ద నష్టం కాదు. డెట్రాయిట్‌లో జరిగి 2010లో ప్రచురితమైన పరిశోధనలో, దృశ్యకాంతి సోకినప్పుడు ఛాయ ఎక్కువగల చర్మం నల్లబడింది, తెల్లని చర్మం నల్లబడలేదు. కిటికీ అద్దం దృశ్యకాంతిని ఆపదు కనుక, కారులోనో ఆఫీసులో కిటికీ పక్కనో కూర్చున్నవారికీ ఇది వర్తిస్తుంది. సీసా మీది ఎస్.పి.ఎఫ్. సంఖ్య ప్రధానంగా చర్మం ఎర్రబడకుండా ఆపే శక్తికి కొలత. దృశ్యకాంతి గురించి అదేమీ చెప్పదు.

దృశ్యకాంతిని ఆపగలిగేది ఐరన్ ఆక్సైడ్. జేగురుకు ఎరుపునిచ్చే పదార్థం ఇదే. లేతరంగు కలిపిన, అంటే ‘టింటెడ్’ సన్‌స్క్రీన్‌లకు సాధారణంగా ఆ రంగు దీనివల్లనే వస్తుంది. మెక్సికోలో మంగు ఉన్నవారిపై జరిపి 2014లో ప్రచురించిన పరిశీలనలో, అతినీలలోహిత కిరణాలను మాత్రమే ఆపే లేపనం కన్నా ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేపనం ఎక్కువ మేలు చేసింది. కనుక మంగు ఉన్నవారికి ఈ రంగు అలంకారం కాదు, చికిత్సలో భాగం. తెల్లపూత సమస్యా దీనితోనే చాలావరకు తీరుతుంది.

కొనేటప్పుడు సీసా ముందువైపు మాటల కన్నా వెనుకవైపు జాబితా ముఖ్యం. పనిచేసే పదార్థాలలో జింక్ ఆక్సైడ్, ఇతర పదార్థాలలో ఐరన్ ఆక్సైడ్ ఉండాలి. ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ అన్న మాట, కనీసం 30 ఎస్.పి.ఎఫ్. కనిపించాలి. పరిమళద్రవ్యాలు ఉండకూడదు. ‘అన్‌సెంటెడ్’ అన్నవాటిలో వాసనను కప్పిపుచ్చే పరిమళాలు ఉండవచ్చు. ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అన్నవి మేలు. ‘హైపోఎలర్జెనిక్’ అన్న మాటకు అమెరికాలో ప్రభుత్వ నిర్వచనమే లేదు. మిథైల్ ఐసోథయాజోలినోన్ వంటి నిల్వపదార్థాలు కూడా ఎలర్జీ తెప్పించగలవు.

కొత్త లేపనాన్ని ముందు మోచేతి మడత దగ్గర, రోజుకు రెండుసార్లు, వారంపాటు రాసి చూడటం మంచిది. దద్దురు రాకపోతే ముఖానికి వాడవచ్చు. ఎండలోకి వెళ్ళినప్పుడు మాత్రమే దద్దురు వస్తుంటే ఈ పరీక్ష చాలదు, చర్మవైద్యులను కలవాలి. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ళ పొడవునా పిండినంత లేపనం కావాలి. ఆరుబయట ఉంటే రెండు గంటలకొకసారి మళ్ళీ రాయాలి. పలచగా రాస్తే ఎంత మంచి లేపనమైనా సీసా మీద రాసినంత రక్షణ ఇవ్వదు. టోపీ, నీడ దానికి తోడుండాలి.