లేని వస్తువులు చెప్పే కథ

మ్యూజియంకు వెళితే మనం ఏమి చూస్తాం? ఉన్న వస్తువులను చూస్తాం. కాని లేని వస్తువులు కూడా కథ చెప్పే మ్యూజియం ఒకటుంది. అది గ్రీసు దేశపు సాంటోరిని దీవిలో, ఫిరా పట్టణంలో ఉంది. దాని పేరు ‘చరిత్రపూర్వ థీరా మ్యూజియం’. సాంటోరినికే థీరా అని మరో పేరు.

సుమారు 3,600 సంవత్సరాల క్రితం ఈ దీవిలో అగ్నిపర్వతం బద్దలయింది. అది వెదజల్లిన బూడిద, నురుగురాళ్ల కింద ఒక పట్టణం పూడిపోయింది. ఆ చోటును ఇప్పుడు అక్రోతిరి అంటారు. 1967లో స్పిరిడాన్ మరినాటోస్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు అక్కడ తవ్వకాలు ప్రారంభించాడు. అంతస్తుల ఇళ్లు, వీధులు, మురుగు కాలువలు, ధాన్యపు కాగులు బయటపడ్డాయి. ఆ తవ్వకాల్లో దొరికిన వస్తువులు ఎన్నో ఈ మ్యూజియంలో ఉన్నాయి.

ముందు ఒక చిన్న బల్లను చూద్దాం. కాళ్లపై చక్కని చెక్కడపు పని ఉంది. కాని ఇందులో చెక్క ముక్కయినా లేదు! మరి ఎలా వచ్చింది? మెత్తని బూడిద బల్ల చుట్టూ పేరుకొని గట్టిపడింది. కాలక్రమాన చెక్క చివికి మాయమైంది. ఆ బల్ల ఆకారంలో ఒక ఖాళీ మిగిలింది. శాస్త్రజ్ఞులు అందులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోశారు. అది నీటిని పీల్చుకొని జిప్సంగా మారి గట్టిపడుతుందని మీరు రసాయనశాస్త్రంలో చదివే ఉంటారు. చుట్టూ ఉన్న బూడిదను తొలగించగానే బల్ల ప్రత్యక్షమయింది!

ఇక గోడమీద బొమ్మ చూడండి. నీలిరంగు కోతులు కొండరాళ్లపై ఎగబాకుతున్నాయి. చిత్రమేమంటే, ఆ దీవిలో కోతులు లేవు. మరి చిత్రకారుడు వాటిని ఎక్కడ చూశాడు? ఆ ప్రజలు ఓడల్లో దూరదేశాలతో వర్తకం చేసేవారు కదా! ఇవి మన దేశంలో కనిపించే కొండముచ్చులే కావచ్చునని 2019లో వెలువడిన ఒక పరిశోధన సూచించింది. తోకలు పట్టిన తీరే వారికి ఆధారం. మరికొందరు శాస్త్రజ్ఞులు దీనికి ఒప్పుకోలేదు. చర్చ సాగుతూనే ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైన ‘లేనిది’ మరొకటుంది. ఇటలీలోని పాంపే నగరం క్రీ.శ. 79లో ఇలాగే బూడిదలో పూడిపోయింది. అక్కడి ఖాళీల్లో ప్లాస్టర్ పోస్తే మనుషుల ఆకారాలు వచ్చాయి. అక్రోతిరిలోనో? బల్లలు, మంచాలు వచ్చాయి గాని, బూడిద కింద చిక్కుకున్న మనుషుల జాడ ఇంతవరకు దొరకలేదు. విలువైన లోహపు వస్తువులు కూడా చాలా తక్కువ.

దీనినిబట్టి ఏమి ఊహించవచ్చు? అగ్నిపర్వతం పేలకముందే భూకంపం వచ్చింది. కూలిన రాళ్లను వీధుల్లో కుప్పలు పోసిన గుర్తులున్నాయి. ప్రజలు ఆ హెచ్చరికను గ్రహించి, విలువైనవి తీసుకొని ఊరు విడిచి ఉంటారు. అయితే పట్టణంలో కొంత భాగమే తవ్వారు. వారు ఏ రేవుకు చేరారో, దారిలో ఏమయ్యారో మనకు తెలియదు. దొరకనంత మాత్రాన లేదని తేల్చెయ్యకూడదు. ఇదీ శాస్త్ర పద్ధతే!

2025 ఫిబ్రవరిలో సాంటోరిని పరిసరాల్లో భూకంపాలు వరుసగా వచ్చాయి. వేలాదిమంది ఓడల్లో, విమానాల్లో దీవి విడిచి వెళ్లారు. ఈసారి అగ్నిపర్వతం పేలలేదు. అయినా వెళ్లినవారిని పిరికివారని మనం అనగలమా? ఆ మ్యూజియంలోని ప్లాస్టర్ బల్లను అడగండి. దాని చుట్టూ కూర్చున్నవారు వేళకు లేచి వెళ్లారు కాబట్టే కాబోలు, బూడిదలో ఖాళీ బల్లకే మిగిలింది, మనిషికి కాదు!