చెరిగిన పద్దులు తిరిగి వస్తాయా?

సబ్బవరంలో డ్వాక్రా అక్కలు నెలనెలా పొదుపు కడతారు. ఆ పద్దులు కంప్యూటరులో ఎక్కుతాయి. ఒకరోజు చెయ్యి జారి 100 పద్దులు ఒక్కసారే చెరిగిపోయాయనుకోండి. డబ్బు పోయినట్టేనా?

కాదు. డబ్బు బ్యాంకులోనే ఉంటుంది. పోయింది లెక్క.

కొన్ని కంప్యూటరు ప్రోగ్రాములకు ఒక చెత్తబుట్ట ఉంటుంది. చెరిపినవి కొన్నాళ్లు అందులో ఉంటాయి. అన్నిటినీ ఒకేసారి వెనక్కి తేవచ్చు.

బుట్ట ఖాళీ అయితే? రాత్రి తీసి దాచిన నకలు కావాలి. అందులోంచి పోయిన పద్దులే తేవాలి. నకలు మొత్తం దించేస్తే, ఈరోజు ఎక్కించినవి పోతాయి.

ఈ ఉదయం కట్టిన డబ్బు రాత్రి నకలులో ఉండదు. అది మీ పాసుపుస్తకంలోనే దొరుకుతుంది. అందుకే కట్టగానే రాయించుకోండి. అంకె మీరే చదివి చూసుకోండి. పుస్తకం భద్రంగా దాచుకోండి.